ఖాళీ బండి తూకం

కాటేదాన్‌లో ధర్మకాంటా మీద
పాత ఇనుము నింపుకున్న లారీ ఒకటి
పొద్దుటి నుంచీ నిలబడి ఉంది.
దాని బరువు దానికి తెలుసు.
మాకే తెలీదు.

నేను పంపిన సెటప్ ఫైలు
చివరిదాకా వెళ్లి, ఆగి,
తను పెట్టినవి తనే తీసేసుకుని
"విఫలమైంది" అని ఒక్క మాట చెప్పి మూసుకుందట.
ఫోన్లో మొగులయ్య గొంతు:
"ఇది మీదే కద మేడం, జర మీరే రాండ్రి."

ఎస్సార్ నగర్‌లో, హాస్టల్ పై అంతస్తులో,
నా కంప్యూటర్ మీద అది ఎన్నడూ ఆగలేదు.
ఎందుకు ఆగుతుంది, దీంట్లో అన్నీ ఉన్నాయి.
ఏడేళ్లలో ఎప్పుడెప్పుడో వచ్చి చేరి
ఉన్నట్టు కూడా చెప్పకుండా ఉండిపోయినవి.
వంటింట్లో ఉప్పు ఉన్నన్నాళ్లూ
ఆ ఇంట్లో ఉప్పు మాటే రాదు.

మెహిదీపట్నం దాకా ఒక బస్సు,
ఆరాంఘర్ దాకా ఇంకొకటి,
అక్కణ్ణుంచి షేర్ ఆటో.
ఒకటి తప్పితే రెండోది అందదు.
ఈ వరస మాత్రం నాకు ఎవరూ రాసివ్వక్కర్లేదు.

రేకుల గది. కీబోర్డు మీద తుప్పు పొడి.
నెట్ లేదు, ఎప్పుడూ లేదు.
లాగ్ ఫైలు తెరిచాను, కింది నుంచి పైకి చదివాను.
మా బిల్లు ప్రోగ్రాముకి ఒక రన్‌టైమ్ కావాలి.
రన్‌టైమ్‌కి విండోస్ అప్‌డేట్ కావాలి.
ఆ అప్‌డేట్‌కి అంతకు ముందుది కావాలి.
దానికి డిస్కులో చోటు కావాలి:
మొగులయ్య మనవరాలి పుట్టినరోజు వీడియోలు
దయతలచి మిగిల్చినంత.

ఆశ్చర్యం, అన్నీ ఎక్కాయి.
ఆఖర్న రన్‌టైమ్ ఒక అంకె చెప్పింది,
మూడు వేల పది.
అంటే, నా పని అయింది, ఒక్కసారి ఆపి మళ్లీ లేపండి అని.
సున్నా కానిదల్లా ఓటమే అని రాసిందెవరు?
నేనే.
కిందటి శ్రావణంలో, ఒక శుక్రవారం సాయంత్రం,
వానలో ఆఖరి బస్సు తొందరలో.
అది అయిందని చెబుతుంటే
కాలేదని విని
గోడ కట్టిన చేత్తోనే కూల్చేశాను.

రీస్టార్ట్ కొట్టాను.
నీలం తెర మీద చుక్కలు తిరుగుతున్నాయి.
లారీ డ్రైవర్ రషీద్ కిటికీలోంచి తొంగిచూసి
"హోగయా క్యా అమ్మా" అని మూడోసారి అడిగి
జవాబు కోసం ఆగకుండా చాయ్‌కి పోయాడు.

మొగులయ్య ఏమీ అడగలేదు.
అట్ట ఊడిన రిజిస్టరు తిప్పి
ఒక వరస మీద వేలు పెట్టాడు.
ఇదే బండి. నిన్నటి తేదీ. ఖాళీ తూకం.
"ఖాళీగ ఎంతుందో ముందుగాల చూడకుంటె
నిండినంక ఏం చెప్తవ్ మేడం?
ఇనుము ఎంతనో, బండి ఎంతనో!"

నేను చూడలేదు.
ఈ మిషన్ ముప్పై రెండా అరవై నాలుగా,
దీంట్లో ముందే ఏముంది, నాదానికన్నా కొత్తది ఉందా,
ఒక్క ప్రశ్న అడగకుండా
సామానంతా గడపలో దింపినదాన్ని.

ఇంకొకటి కూడా అక్కడే తట్టింది.
రేపు మా ప్రోగ్రాము వద్దనుకుని తీసేస్తే
మాది మాత్రమే పోవాలి.
రన్‌టైమ్‌ని ముట్టుకోకూడదు, తెచ్చింది మేమే అయినా.
ఈపాటికి దాని మీద ఇంకెవరు ఒరిగి ఉన్నారో,
ప్రింటరో, పక్క షెడ్డు జీఎస్టీ లెక్కలో.

రెండోసారి సెటప్ నడిచింది.
ఉన్నవాటిని చూసి, పక్కకు జరిగి, దాటుకుంటూ పోయింది.
చీటీ బయటికొచ్చింది.
రషీద్ దాన్ని ఊది, జేబులో పెట్టుకున్నాడు.

లారీ దిగింది.
కాంటా అంకె గబగబా పడిపోయి
ఇరవై దగ్గర నిలిచిపోయింది.
నా గుండె జారింది, సున్నా కాదు.
"మట్టి" అన్నాడు మొగులయ్య,
తలుపు వెనక చీపురు తీసుకుంటూ.